వెనక తెరిచిన గౌను

రాయపూర్,
3-2-1991

ప్రియమైన అమ్మకు,

వందనాలు. కమలకి జబ్బు తిరగబెట్టింది. ఆ మాట ముందే రాసేస్తే మిగతా ఉత్తరం తేలికవుతుందనుకున్నాను, కాలేదు. రక్తంలో జబ్బుకి ఇక మందులు మార్చి ప్రయోజనం లేదని బొంబాయి డాక్టర్లు తేల్చేశారు. ఇంటికి తీసుకెళ్ళి నొప్పి తెలియకుండా చూసుకోమన్నారు. నర్సుగా ఆ మాట నేనే ఎంతమందితో అన్నానో. నాకు చెప్పినప్పుడు మాత్రం భాష రానిదానిలా నిలబడ్డాను.

వచ్చే నెల పదో తేదీకి దానికి ఆరేళ్ళు. కాలనీ పిల్లలందరినీ పిలిచి పార్టీ చెయ్యాలట. నీ అల్లుడు పాల్ ఉర్లా ఫ్యాక్టరీకి సెలవు పెట్టి పండరీ బజారంతా తిరిగొచ్చాడు. చిన్నపిల్లల పార్టీ బట్టలంటే అక్కడ నైలాన్ నెట్టు, జరీ, నడుముకి ఎలాస్టిక్. ఒకటి తెచ్చి వేసి చూశాం. ఎలాస్టిక్ తగిలినచోటల్లా నల్లగా కమిలిపోయింది. ఇప్పుడు దాని ఒంటికి ఏది ఒత్తుకున్నా అంతే. "అమ్మమ్మ కుడుతుంది, రోజూ అమ్మమ్మే కదా అందరికీ కుడుతుంది" అని అదే తీర్పు చెప్పి, కాలనీ అంతా చాటేసింది.

కాబట్టి నువ్వే కుట్టాలి. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు బట్ట తీసుకో. ఒరుసుకోకుండా అతుకులు బయటివైపు పెట్టు. జిప్పు, హుక్కులు వద్దు. చేతులు పైకెత్తలేదు, వెనక్కీ తిప్పలేదు, అందుకని ముందు గుండీలు కూడా కుదరవు. వెనక మెడ నుంచి అంచు దాకా పూర్తిగా తెరిచి ఉంచి, పక్కన ముడి పడేలా నాడాలు పెట్టు. ముందు నుంచి చేతులు దూర్చి కట్టేస్తాను. బొమ్మ గీశాను చూడు. రంగు పసుపు, అది దాని హుకుం. కొలత నాలుగేళ్ళ పిల్లకి సరిపోయేంత చాలు.

నీ సూది కోసం ఎదురుచూస్తూ,
రత్నం


నరసాపురం,
12-2-1991

నా తల్లి రత్నకుమారికి,

దేవుడు మీ ముగ్గురికీ తోడుండాలి. నీ ఉత్తరం చదివి వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

నువ్వు గీసిన బొమ్మ చూశాను. ఆ గౌను నాకు కొత్త కాదు. మన పేటలో ఎవరు పోయినా పెట్టెలో పెట్టేముందు తొడిగే బట్ట నేనే కుడతానని నీకు తెలుసు. బిగుసుకుపోయిన చేతులు ఎత్తలేం కనుక వెనక మెడ నుంచి అంచు దాకా తెరిచి నాడాలు పెడతాను. జోగయ్య భార్యకి అలాగే కుట్టాను. మీ నాన్నకి చొక్కా కూడా అలాగే కుట్టాను. బతికున్న పిల్లకి, అదీ పుట్టినరోజుకి, ఆ కోత నా చేత కోయించకు.

మెత్తటి పాప్లిన్‌తో మంచి గౌను కుడతాను. మెడ వెడల్పుగా, చేతులు గుల్లగా పెడతాను. మెడ చుట్టూ నేను అల్లిన లేసు వేస్తాను. కొలత నాలుగేళ్ళదని రాశావు. నేను ఆరేళ్ళదే కుడతాను. పిల్ల కోలుకుంటుంది. నర్సులకి ఆశ వదులుకోవడం తొందర.

రోజూ మోకాళ్ళ మీద మీ కోసం అడుగుతున్న,
అమ్మ


రాయపూర్,
20-2-1991

ప్రియమైన అమ్మకు,

ఆశ వదులుకున్నది నేనా? రాత్రింబవళ్ళు దాని పక్క మార్చి మార్చి వేస్తున్నదాన్ని నేను. నువ్వు నీ కళ్ళకి కనబడే పెట్టెలు చూస్తున్నావు, నేను దాని మోచేతులు చూస్తున్నాను. బట్ట మార్చే వేళయితే చాలు, అది ముందే కళ్ళు మూసుకుని పెదవి కొరుక్కుంటుంది. ఆ ఒక్కరోజు అలా కొరుక్కోకూడదని, అంతకన్నా నేను కోరేదేమీ లేదు.

పక్కింటి పార్వతమ్మగారు చూడలేక, "మీ అమ్మని బతిమాలుడెందుకు రత్నం? మా గల్లీ టైలర్ మాస్టర్ ఏక్ ఘంటేమే సిల్ దేతా, గంటలో కుట్టిస్తాడు, నేను చెప్తా" అన్నారు. కమల ఒప్పుకోలేదు. "అమ్మమ్మదే చాహియే" అని ఒకటే మొండి. పిల్లలందరికీ చెప్పేసింది కదా, ఇప్పుడు మాట పోతుందట.

పేటలో అందరికీ కుట్టావు. నీ మనవరాలికి దానికి కావలసినట్టు ఒక్కటి కుట్టమ్మా.

ఇంతకన్నా అడగడం చేతకాని,
రత్నం


నరసాపురం,
3-3-1991

రత్నానికి,

రైల్వేలో పనిచేసే మన అప్పారావు రాయపూర్ వస్తున్నాడని అతని చేతికే గౌను ఇచ్చి పంపుతున్నాను. పసుపు రంగే. అతుకులు బయటికే పెట్టాను. ఎలాస్టిక్ లేదు. కొలత మాత్రం ఆరేళ్ళదే. నువ్వు అడిగిన మిగతావన్నీ చేశాను, ఆ ఒక్కటి తప్ప.

మూడుసార్లు గుడ్డ పరిచాను. కత్తెర వీపు దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. నేను వెనక తెరిచి కుట్టిన బట్ట వేసుకున్నవాళ్ళెవరూ దాన్ని మళ్ళీ తమ చేతులతో విప్పుకోలేదు. కమల తన గౌను తనే విప్పుకోవాలి. అందుకే మూసి కుట్టాను. మెడ వెడల్పు చాలా ఎక్కువ పెట్టాను, నెమ్మదిగా తొడుగు. కోప్పడకు తల్లీ.

కేకు ముక్క నా పేరు చెప్పి దాని నోట్లో పెట్టమంటూ,
అమ్మ


రాయపూర్,
11-3-1991

అమ్మకు,

పార్టీ జరిగింది.

గౌను చూసి కమల సంతోషంతో కేక వేసింది. లేసు బుగ్గకి రాసుకుంది. తర్వాత తొడగబోయాం. నెమ్మదిగానే తొడిగానమ్మా. పాల్ దాని చెయ్యి పట్టుకున్నాడు, నేను మెడలోంచి దించాను. కుడి చెయ్యి సగం ఎత్తేసరికి అది అరిచిన అరుపుకి బయట బుడగలు కడుతున్న పిల్లలు ఆగిపోయారు. తల ఒకచోట, చెయ్యి ఒకచోట ఇరుక్కుని, లోపలి నుంచి, "కాట్ దో మమ్మీ, కాట్ దో. అమ్మమ్మకి మత్ బోల్నా" అంది. కోసెయ్యమంది. నీకు చెప్పొద్దంది.

కట్లు కోసే కత్తెర తెచ్చి వెనక మెడ నుంచి అంచు దాకా కోశాను. నీ లేసు కూడా తెగింది. ముందు నుంచి తొడిగి, కట్టుగుడ్డ చీలికలతో పక్కన ముడివేశాను. గోడకి ఆనించి కుర్చీలో కూర్చోబెడితే వీపు ఎవరికీ కనబడలేదు. పిల్లలు చుట్టూ చేరారు. కేకు కోసింది. "మా అమ్మమ్మ సిలాయి" అని నువ్వు కుట్టిన గౌను చూపించింది. నవ్వింది కూడా. దాని కళ్ళింకా తడిగానే ఉన్నాయి.

అది చెప్పొద్దన్నా చెబుతున్నాను. నువ్వు తెలుసుకోవాలి. నాకు చాలా కోపంగా ఉంది.

రత్నం


నరసాపురం,
19-3-1991

నా రత్నానికి,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు మిషను ముట్టుకోలేదు. పిల్ల నా బట్టలో ఇరుక్కుని అరిచిందన్న మాట నా చెవుల్లోంచి పోవడం లేదు.

కోసిన అంచులకి దారాలు లేస్తాయి, అవి గుచ్చుకుంటాయి. ఆ గౌను ఇక వెయ్యకు. మీ నాన్న పంచె ఒకటి దాచుకున్నాను, ఎన్ని ఉతుకులు ఉతికానో, వెన్నలా ఉంటుంది. దానికి పసుపు రంగు వేసి నువ్వు గీసిన బొమ్మ ప్రకారం కుట్టాను. వెనక పూర్తిగా తెరిచాను. నాడాలు పక్కకి పెట్టాను. కొలత కూడా నువ్వు చెప్పిందే.

నేను కుడుతుంటే అప్పారావు భార్య చూసి, "ఎవరండీ పోయింది?" అని అడిగింది. ఎవరూ పోలేదు, నా మనవరాలు పార్టీకి వేసుకుంటుంది అని చెప్పాను. పార్సిలు ఈరోజే పంపుతున్నాను. ఇంకో పార్టీ చెయ్యండి.

తన పట్టుదల చూసి తనే సిగ్గుపడుతున్న,
అమ్మ


రాయపూర్,
5-5-1991

ప్రియమైన అమ్మకు,

టెలిగ్రాం ఇచ్చాక ఇన్నాళ్ళూ నీకు ఉత్తరం రాయలేకపోయాను. నువ్వు వచ్చేదాకా కమలని ఈ ఎండల్లో ఉంచలేకపోయాం, అందుకు బాధపడకు. నీ పార్సిలు కమల పోయిన మూడో రోజున వచ్చింది. పాల్ దాన్ని విప్పకుండానే బీరువాలో పెట్టేశాడు.

చర్చి నుంచి తాయారమ్మగారు తెల్ల సాటిన్ గౌను పట్టుకుని వచ్చారు. గౌను వెనక కొయ్యడానికి కత్తెర కూడా తెచ్చుకున్నారు. నేను వద్దన్నాను. నువ్వు మూసి కుట్టిన గౌనే తొడిగాను. మళ్ళీ కొయ్యవలసిన పని లేదు. దారాలు లేచిన అంచులు మాత్రం లోపలికి మడిచి కుట్టాను. ఇక గుచ్చుకునేదేమీ లేదని తెలిసే కుట్టాను.

డ్యూటీలో చేరాను. మా వార్డులో ఊర్మిళ అని కమల ఈడు పిల్ల ఉంది, స్టవ్వు పేలి రెండు చేతులూ కాలాయి. మానుతున్నాయి. బాబాయి పెళ్ళికి వెళ్ళాలని ఏడుపు. తల్లి తెచ్చిన జరీ లంగా జాకెట్టు కట్ల మీదుగా ఎక్కలేదు. ఇంటికొచ్చి పార్సిలు విప్పాను.

కాస్త పొట్టిదైనా నీ గౌను తొడిగి పంపాను. మర్నాడు కట్టు మార్పించుకోవడానికి అదే గౌనుతో వచ్చింది. నేను సాయం చెయ్యబోతే, "మై ఖుద్" అని, తనే విప్పుకుంటానని, కట్టులోంచి బయటికున్న వేళ్ళతో పక్కన ముడి లాగింది. గౌను తనే విప్పి నా చేతికిచ్చింది. నేను మందుల గదిలోకి వెళ్ళి చాలాసేపు ఏడ్చాను. నువ్వు చూసి ఉండవలసిందమ్మా.

నీ మీద కోపం పూర్తిగా పోలేదు. అబద్ధం రాయలేను. ఊర్మిళ తిరిగి ఇచ్చిన ఆ పసుపు గౌను ఎవరికీ ఉంచేసుకోమని ఇవ్వలేను, ఊర్మిళకి కూడా. దానికి ఇంకోటి కుట్టి పంపు, ఇక పెళ్ళిళ్ళన్నిటికీ అదే వేసుకుంటానంటోంది. వెనక పూర్తిగా తెరిచి ఉండాలి. కొలత ఆరేళ్ళది. నీలం రంగు కావాలట.

నీ కూతురు,
రత్నం