పేరు పెట్టని ఫోల్డరు

పంజాగుట్ట,
శుక్రవారం

అత్తయ్యగారికి నమస్కారాలు.

ఫోన్ పక్కనే మామయ్యగారు కూర్చుంటున్నారు, అందుకని ఈ ఉత్తరం.

మన కంప్యూటర్లో రోజుకో కొత్త ఫోల్డరు పుట్టుకొచ్చేది కదా. మీరు విజయవాడలో మీ అక్కగారింటికి వెళ్లాక ఒక్కటీ పుట్టలేదు. మామయ్యగారు అది గమనించకుండా, వైరస్ అని రిపేరు చేసే జావేద్ భాయ్‌ని పిలిపించారు. "ఫికర్ చెయ్యకుర్రి సార్, ఫార్మాట్ కొడితే మొత్తం సాఫ్ అయితది" అన్నాడాయన. నేనే రేపు రమ్మన్నాను.

తర్వాత తెరిచి చూస్తే నాకు, మీ అబ్బాయికి, మీ మనవరాలు మంజూషకి, ఆఖరికి పాలు పోసే ఖాదర్‌కి కూడా పేరుపేరునా ఫోల్డర్లున్నాయి. మామయ్యగారికి మాత్రం లేదు. పేరు పెట్టకుండా వదిలేసిన ‘న్యూ ఫోల్డర్’ ఒకటుంది. భర్త పేరు నోటితోనే కాదు, కీబోర్డు మీద కూడా పలకని మనిషి మనింట్లో ఒక్కరే. కూరలకని రోజూ అమీర్‌పేట వెళ్లి, రెండు నిమ్మకాయలతో తిరిగొచ్చేవారు. అక్కడ ఏ కంప్యూటర్ కోర్సులో చేరారండీ?

మిగతావన్నీ ఖాళీ. ఆ పేరు లేనిదాంట్లో మాత్రం, "ఏమండీ, బీపీ మాత్ర వేసుకున్నారా?" అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది.

మామయ్యగారికి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చదివి, వెళ్లి మాత్ర వేసుకొచ్చారు. జావేద్ భాయ్‌కి తనే ఫోన్ చేసి రావద్దన్నారు.

ఫోల్డరుకి మీ పేరు పెట్టనా మామయ్యగారూ అంటే, "వద్దమ్మా, అలాగే ఉండనీ" అన్నారు.

మీ కోడలు