దుర్యోధనుడు పడుకునే బయలు

తహశీల్దారు గారి సముఖమునకు,

అయ్యా,

తమరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. పోయిన తడవ నేను ఆఫీసుకు వచ్చినప్పుడు దగ్గుతా ఉన్నారు, మిరియాల కషాయం తాగినారో లేదో. అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందా? జీపు నడిపే బాలచంద్రకు నడుము ఎట్లుంది? అటెండరు రేవతి బిడ్డకు జ్వరం దిగిందా? నాకేమి, నిద్ర ఒక్కటే పట్టడం లేదు.

విషయం: మా ఊరి భారతం బయలును ప్లాట్లు వేయక ఖాళీగానే ఉంచమని కోరుట.

1. మా చింతమాకులపల్లె తూర్పు బయల్లో ఏటా ఎండాకాలం పద్దెనిమిది దినాలు భారతం జరుగును. ఆఖరి రోజున బయలంత పొడుగున మట్టితో దుర్యోధనుణ్ణి పడుకోబెట్టగా, భీముడి వేషగాడు తొడ పగలగొట్టును. శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లకాయలు కూడా లీవు పెట్టి వత్తురు.

2. పోయిన వారం సర్వేయరు సుకుమార్ గారు అక్కడ రాళ్లు నాటించినారు. ఒక రాయి సరిగ్గా దుర్యోధనుడి తల వచ్చే చోట పడినది. నేను పోయి అడిగితిని.

"ఈడ భారతం ఆడతారు నాయనా."

"యాడవ్వా? గుడి లేదు, గుంజ లేదు. ఆనవాలు సూపించు."

"దుర్యోధనుడు ఈడే పడుకుంటాడు."

"మరి లేసి యాడికి పోయినాడు?" అని నవ్వినాడు.

3. ఆనవాలు లేకపోవడం మా తప్పే. భీముడు కొట్టినాక ఆ మట్టిని ఆడవాళ్లం తలా పిడికెడు తెచ్చి, గింజలు తరగరాదని బియ్యం డబ్బాలో వేసుకుంటాము. మిగిలినది మగవాళ్లు మళ్లలో చల్లుతారు. బయల్లో గడ్డ కూడా మిగలరాదని ఆచారం. అట్లా ఊడ్చి పెట్టుకున్నందుకు కాగితంలో "నిరుపయోగము" అని రాసినారట. తమరు ఏ ఇంటికైనా వచ్చి బియ్యంలో చెయ్యి పెట్టి చూసుకోవచ్చును.

4. "నీకు పిల్లాజెల్లా లేరు గదవ్వా, ఎవురి కోసం ఈ యాతన?" అని కూడా ఆ సర్వేయరు అన్నాడు. ఇది అర్జీలో రాయవచ్చునో లేదో తెలియదు. అర్జునుడి వేషగాడు తపస్సు మాను ఎక్కే రోజున, బిడ్డ కావాలని నేను తడిచీరతో ఆ బయల్లోనే ఏండ్లకేండ్లు సాష్టాంగపడితిని. మాను పైనుండి విసిరే నిమ్మకాయ ఎవరి కొంగులో పడితే వాళ్లకు బిడ్డ పుడుతుందంటారు, అది ఎప్పుడూ పక్కవాళ్ల కొంగులోనే పడింది. నా ఇల్లు బయలు అంచున ఉన్నది. మా ఆయన పోయినాక వాకిట మనిషి అలికిడి లేదు. భారతం దినాల్లో మాత్రం నీళ్లకు నా ఇంటికే వస్తారు, పసిబిడ్డల్ని నా పక్కన పడుకోబెట్టి ఆట చూసేదానికి పోతారు. తెల్లారేదాకా వాళ్లకు విసనకర్రతో విసురుతా కూర్చుంటాను. ఆ బిడ్డల కోసమని రాసుకోండి. వాళ్లకు పుట్టేవాళ్లకు కూడా పొర్లాడేదానికి ఒక చోటు ఉండవలెను.

కావున రాళ్లు పీకించి, భారతం బయలని రికార్డులో ఎక్కించి, ఎవ్వరూ ఇండ్లు కట్టకుండా ఉత్తర్వు ఇప్పించవలెనని ప్రార్థన. అక్షరాలు వంకరైనా మనసు పెట్టి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
గంగులమ్మ,
కీ.శే. మునెయ్య భార్య.

మరొక మాట. రాళ్లు నాటేదానికి వచ్చినవాళ్లకు నేనే మజ్జిగ ఇచ్చినానని ఊళ్లో తిడుతున్నారు. ఎందుకు వచ్చినారో నాకు అప్పుడు తెలియదు. మనుషులు వచ్చినారు కదా అని ఇచ్చినాను. తమరే స్వయంగా బయలు చూసేదానికి వస్తారని, ఇంట్లోనే ఉండమని రేవతి చెప్పింది. నేను యాడికి పోతాను? ఒకవేళ రాలేకపోతే ఆ మాట ముందుగా చెప్పి పంపవద్దు. అందాకా వస్తారనే అనుకుంటా ఉంటాను. ఈ అర్జీ రాసిన దినము: మార్చి 12వ తేది, గురువారం.