నలభై ఒకటో పేజీ అకాడమీ

ఫిబ్రవరి 3, మంగళవారం

ఫిట్‌నెస్ టెస్ట్ రిజల్ట్ వచ్చింది. రాష్ట్రంలో ఆడ ఫుట్‌బాల్ రిఫరీలందరిలో నేనే ఫస్ట్. నాకంటే పదేళ్ళు చిన్నవాళ్ళు నడుం పట్టుకుని కూలబడ్డారు. నేను ఆగలేదు.

ఇక దేశాల మధ్య మ్యాచ్‌లు నడిపే ఇంటర్నేషనల్ ప్యానెల్‌కి రాష్ట్ర అసోసియేషన్ నా పేరు పంపడమే మిగిలింది. నాకు ముప్పై నాలుగు. వచ్చే ఏడాదైతే కొత్తగా తీసుకోరు. బుక్కరాయసముద్రం హైస్కూల్లో పీఈటీ ఉద్యోగం చేసుకుంటూ, రోజూ పొద్దున్నే చెరువు కట్ట మీద పరుగెత్తుతూ పన్నెండేళ్ళు గడిపాను. మొదట్లో వాకింగ్‌కి వచ్చేవాళ్ళు నవ్వేవాళ్ళు. ఇప్పుడు పక్కకు జరిగి దారి ఇస్తారు.

అస్లాం తన మోటార్ వైండింగ్ షాపు మధ్యాహ్నమే మూసేసి జిలేబీ పట్టుకొచ్చాడు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో షాపు అంత తొందరగా మూయడం ఇదే మొదలు.

ఫిబ్రవరి 7, శనివారం

అసోసియేషన్ ప్రెసిడెంట్ మల్లికార్జున అనంతపురంలో తన ఆఫీసుకు పిలిపించాడు. కాఫీ ఇప్పించాడు. కంగ్రాట్స్ చెప్పాడు. ఒక లావుపాటి బిడ్ బుక్ నా ముందుకు తోశాడు. అమ్మాయిల అండర్-17 ఇంటర్నేషనల్ టోర్నమెంట్ మాకివ్వండని, అన్ని దేశాల ఫుట్‌బాల్ సంఘాలకు పైనుండే కాన్ఫెడరేషన్‌కి పంపిన పుస్తకం అది.

నలభై ఒకటో పేజీ తిప్పమన్నాడు. గోరంట్ల ఇంటర్నేషనల్ విమెన్స్ ఫుట్‌బాల్ అకాడమీ. రెండు టర్ఫ్ గ్రౌండ్లు, ఫ్లడ్‌లైట్లు, హాస్టల్, తొంభై ఆరుమంది రెసిడెన్షియల్ ట్రైనీలు. మూడేళ్ళ కిందట కాన్ఫెడరేషన్ గ్రాంటుతో కట్టిందట. కింద విజిల్ నోట్లో పెట్టుకున్న నా ఫోటో. డైరెక్టర్: ఎస్. ఆరీఫా.

నేనెప్పుడు డైరెక్టర్ అయితి సార్, ఇది యాడుండాది అని అడిగాను. ఆయన నవ్వి, ఏమమ్మా ఆరీఫా, ఏదైనా ముందు పేపర్ మీద లేస్తాది, ఆమీట నేల మీద లేస్తాది అన్నాడు. పదహారున కాన్ఫెడరేషన్ మెంబర్ ఒకామె ఇన్‌స్పెక్షన్‌కి వస్తోందట. నేను పక్కనుండి అన్నీ చూపించి, డైరెక్టర్‌గా రిపోర్ట్ మీద సంతకం పెట్టాలి. టోర్నమెంట్ వస్తే ఆయనకు కాన్ఫెడరేషన్ కమిటీలో సీటు.

తర్వాత సొరుగు లాగి నా ప్యానెల్ లెటర్ చూపించాడు. నా పేరు టైప్ చేసి ఉంది. ఆయన సంతకం లేదు. నీది పడితే నాదీ పడతాది అన్నాడు.

నేను పరుగెత్తి గెలుచుకున్నదాన్ని నాకే లంచంగా ఇస్తున్నాడు! బస్సులో వస్తున్నంతసేపూ పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను. ఆయన మొహాన ఒక్క మాట అనకుండా లేచొచ్చినందుకు నా మీద నాకు ఇంకా కోపం.

ఫిబ్రవరి 8, ఆదివారం

అస్లాం బండి మీద గోరంట్ల దాటి వెళ్ళి చూశాం.

రెండు పక్కల ప్రహరీ. ఒక గేటు. గేటుకు తాళం ఉంది, మిగతా రెండు పక్కలా గోడే లేదు. లోపల ఎర్రమట్టి, కంపచెట్లు, ఒక పెద్ద బోర్డు. హనుమక్క అనే ఆమె గొర్రెలు మేపుకుంటోంది. అడిగితే చెప్పింది. మూడేండ్లాయ తల్లీ బోర్డు నాటి, ఒగనాడు లారీలో పచ్చగుడ్డ తెచ్చి పరిసినారు, ఫోటోలు తీసుకున్యారు, పొద్దు గూకేలోపల చుట్టుకోని పోయినారు అంది. గడ్డి అనుకోని నా గొర్రెలు దాన్ని కొరికితే కట్టె తీసుకోని నా మీదికొచ్చినారు అని కూడా చెప్పింది.

అస్లాం నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 9, సోమవారం

మొన్న మల్లికార్జున ఆఫీసులోనే బిడ్ బుక్‌లో ట్రైనీల లిస్టు ఫోన్‌తో ఫోటో తీసుకున్నాను, ఇవాళ స్టాఫ్‌రూంలో పెద్దది చేసి చదివాను. తొంభై ఆరు పేర్లలో ముప్పై ఎనిమిది మా మండలం పిల్లలవి. స్కూల్ టోర్నమెంట్లకు నేను నింపి పంపిన ఎంట్రీ ఫారాలవి. పుట్టిన తేదీలతో సహా నా చేతిరాతలోంచే ఎత్తుకున్నారు.

పదిహేడో పేరు మా గోల్‌కీపర్ చంద్రికది. తొమ్మిదో తరగతి. ఆదివారాలు వాళ్ళమ్మ గంగక్కతో మిరపకాయల కోతకు పోతుంది. గ్లవ్స్ లేవు, అరిచేతులు ఎప్పుడూ మండుతూనే ఉంటాయి. పిలిచి చూపించాను. పేరు పక్కన రాసిన డైట్ నిదానంగా చదువుకుంది. మేడం, నేను ఆడ దినామూ రెండు గుడ్లు తింటాండానా అని అడిగింది.

ఏం చెప్పాలి?

ఫిబ్రవరి 10

పిల్లల తిండి పేరు చెప్పి తిన్నారు. థూ.

ఫిబ్రవరి 14, శనివారం, ఉదయం 6

అస్లాంతో గొడవ. సంతకం పెట్టేయరాదా ఆరీఫా, నువ్వు పెట్టకపోతే ఇంగొకరు పెడతారు, వాళ్ళ దొంగతనానికి నీ పన్నెండేండ్లు యాల పోగొట్టుకుంటావు అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. నేను కట్ట మీద పరుగెత్తేటప్పుడు వానలో కూడా టార్చి పట్టుకుని నిలబడ్డవాడు. అందుకే ఎక్కువ కోపం వచ్చింది.

నిజం చెప్పాలంటే, నిన్న ఒక తెల్లకాగితం మీద నా సంతకం, కింద డైరెక్టర్ అని రాసి చూసుకున్నాను. బాగానే ఉంది. చించేశాను.

ఫిబ్రవరి 16, సోమవారం

హైవే పక్కన ఒక రిసార్ట్‌లో టర్ఫ్ అద్దెకు తీసుకుని అకాడమీ బోర్డు తగిలించారు. ఎవరో కాలేజీ అమ్మాయిలకు కొత్త జెర్సీలు. ఇన్‌స్పెక్షన్ మేడం తెల్ల టోపీ పెట్టుకుని కారు దిగింది. మల్లికార్జున ఫోన్ మాట్లాడటానికి పక్కకు పోగానే, నాకొచ్చిన ఇంగ్లీషులో మొత్తం చెప్పేశాను. ఇది అకాడమీ కాదు, నేను డైరెక్టర్‌ని కాదు, గంట ప్రయాణం చేస్తే అసలు స్థలం చూపిస్తాను అన్నాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. అదే నన్ను చంపేసింది. నా భుజం మీద చెయ్యి వేసి, ఇలాంటి పేజీలు చాలా దేశాల్లో చూశానని చెప్పింది. టోర్నమెంట్ ఎవరికివ్వాలో ఓట్లు కిందటేడే ఒక హోటల్లో ఖాయమైపోయాయట. ఇప్పుడు వేరే దేశాలవాళ్ళు మనకు వేస్తారు, వచ్చేసారి మనం వాళ్ళకు. తను టిక్కులు పెట్టడానికే వచ్చిందట. నా నిజాయితీ చాలా నచ్చిందట. నాతో ఒక సెల్ఫీ తీసుకుంది.

సంతకం పెట్టకుండా ఆటో ఎక్కి వచ్చేశాను. ఇక్కడ దొంగలున్నారు, పైకి చెబితే వినేవాళ్ళుంటారు అనుకున్నాను. పైన కూర్చున్నది వీళ్ళ తాతలు!

ఫిబ్రవరి 18

కాన్ఫెడరేషన్ ఎథిక్స్ కమిటీకి ఫోటోలన్నీ మెయిల్ చేశాను. మీ అభిప్రాయం మాకు విలువైనది అని జవాబొచ్చింది. కంప్యూటర్ పంపిన జవాబు.

మార్చి 1, ఆదివారం

రంజాన్ ఉపవాసంలో ఉన్నాను. గొంతు ఎండిపోయి ఉంది. అయినా ఇవాళ్టి రోజు రాయాలి.

ఆలోచన చంద్రికది. మనం ఆడ ఉంటాండామని రాసినారు కదా మేడం, పోయి ఉందాం అంది. ముప్పై ఎనిమిది మందిలో ముప్పై ఒక్కరు వచ్చారు, అమ్మానాన్నలతో సహా. పళ్ళేలు, దుప్పట్లు పట్టుకుని బస్సుల్లో గోరంట్ల వెళ్ళి, బోర్డు కింద వరసగా కూర్చున్నారు. అస్లాం షాపు మూసి, నీళ్ళ క్యాన్లు ఆటోలో వేసుకుని మా వెనకే వచ్చాడు. పిల్లలకు గ్లాసులు పంచాడు.

రిపోర్టర్లు వచ్చారు. ఎందుకొచ్చినారమ్మా అని గంగక్కను అడిగారు. నా బిడ్డ మూడేండ్ల నుంచి ఈడనే ఉండాదంట, ఎట్లుండాదో చూసి పోదామని వచ్చినా అంది. ఆ మాట టీవీల్లో సాయంత్రందాకా తిరిగింది.

మల్లికార్జున పదకొండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

మార్చి 12, గురువారం

టోర్నమెంట్ మన దేశానికే వచ్చింది. స్వీట్లు తినిపించుకుంటున్న ఫోటోలో మల్లికార్జున కూడా ఉన్నాడు. వేదికల లిస్టులోంచి గోరంట్ల మాత్రం తీసేశారు. కారణం: నీటి ఎద్దడి.

కరువును కూడా వాడుకున్నారు!

మార్చి 17, మంగళవారం

అసోసియేషన్ నుంచి రిజిస్టర్డ్ పోస్ట్. అకాడమీ గ్రాంటు దుర్వినియోగం చేసినందుకు డైరెక్టర్ ఎస్. ఆరీఫాను రిఫరీ బాధ్యతల నుంచి అయిదేళ్ళు సస్పెండ్ చేశారు. ప్యానెల్‌కి వేరే పేరు వెళ్ళింది.

అస్లాం ఉత్తరం రెండుసార్లు చదివాడు. నేనే నిన్ను సంతకం పెట్టమన్యా కదా అని ఏడ్చాడు. అతను ఏడవడం నేను చూడలేదు ఎప్పుడూ. నువ్వు చెప్పినా చెప్పకపోయినా నేను పెట్టేదాన్ని కాదులే అన్నాను. ఇద్దరం కలిసి ఇఫ్తార్ చేశాం. అతను ఖర్జూరం నా చేతిలో పెట్టి, తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మార్చి 19, గురువారం

అప్పీలు చేసుకునేటట్టయితే డైరెక్టర్‌ని కానని రుజువు చేసుకోవాలట. లాయర్ సువార్త గారు అదే రాయమన్నారు.

రాయలేదు. ఉత్తరం మీద డైరెక్టర్ అని వాళ్ళే రాశారు, వాళ్ళే సీలు వేశారు. అయితే నేను డైరెక్టర్‌నే. నా అకాడమీ ఫైళ్ళన్నీ, గ్రాంటు లెక్కలతో సహా, వారంలోగా నా ముందు పెట్టమని అసోసియేషన్‌కి రాసి, కింద సంతకం చేశాను.