ఖాళీ అటక

మన సుక్కి నాయనా,

నాకూ నీకూ అక్షరం రాదు. నేను చెబుతుంటే సంతలో ఉప్పు అమ్మే ముసలాయన రాస్తున్నాడు. నువ్వు వినవని తెలిసే చెబుతున్నాను.

నువ్వు పోయి నేటికి ఏడాది. నిన్ను పూడ్చిన చోట, నీ రాయి దగ్గర, కొత్త కర్ర పొగగొట్టంలో పొగాకు వెలిగించి, బూడిదయ్యేదాకా నేను పీల్చాలి. మధ్యలో ఆరితే పోయినవాడు తిరిగి ఇంటికే వస్తాడంటారు కదా.

పొద్దున్నే ఫారెస్టు జవాను వచ్చి, గొట్టాల కోసం నువ్వు పొయ్యి మీది అటకలో ఆరబెట్టిన కర్రలన్నీ కిందికి లాగాడు.

"సర్కారు అడవి కర్ర. ఎవడు నరికాడే, ముసల్దానా?"

"నరికినోడు మట్టిలో ఉన్నాడు, ఎల్లి అడుగు! కళ్ళు లేవేటి నీకు? నిన్న నరికిన కర్ర ఇంత నల్లగుంతాదా?"

ఏళ్లతరబడి పొగ తాగిన ఆ కర్రలన్నీ కాల్చి మన వాకిట్లోనే అన్నం వండించుకు తిని పోయాడు.

నేను కొంగులో దాచిన ముక్క ఒక్కటే మిగిలింది. పొగాకు గుంట నువ్వు తొలిచిందే. కాడలో బెజ్జం కోసం ఎర్రగా కాల్చిన చువ్వ నేనే దించాను. నువ్వు తిప్పుతూ దించేవాడివి, నేను కోపంలో నెట్టాను. కాడ పక్కన చిల్లు పడింది. మైనంతో పూడ్చి, గరుకైన బరింక ఆకుతో నున్నగా రుద్ది, ఇప్పనూనె పట్టించాను.

నీ రాయి దగ్గర నాలుగు దమ్ములకే మైనం కరిగింది. నిప్పు నల్లబడసాగింది.

ఆరిపోనిస్తే నువ్వు వస్తావు. వచ్చి ముందు ఆ అటకే చూస్తావు.

చిల్లు మీద వేలు పెట్టి, బూడిదయ్యేదాకా పీల్చాను.