జుమానా పసుపు గౌను

రబాబ్ చెల్లీ,

జుమానా లేవకముందే వాళ్ళమ్మ సమాధి దగ్గరికి బయల్దేరుతున్నాను. అక్కడ పంచడానికి నువ్వు చేసిన పండగ బిస్కెట్లలో సగం తీసుకెళ్తున్నాను. మిగతావి మొంతజా తోటకు పట్టుకెళ్ళండి. సముద్రపు గాలి కదా, స్వెట్టర్ మర్చిపోకు.

రెండో పుట్టినరోజు, పైగా రంజాన్ పండగ. పసుపు గౌనే వెయ్యి. పోయిన పండక్కి వాళ్ళమ్మ అంత పెద్దది కొంటే నవ్వాను. "మళ్ళీ పండక్కి సరిపోతుందిలే, మాస్టారూ" అంది. నిన్న తొడిగి చూశాను, సరిపోయింది.

నేను నేరుగా ఉయ్యాలల దగ్గరికి వస్తాను.

అన్నయ్య

నిన్న అది నిన్ను "అమ్మా" అని పిలిస్తే, నా ముఖం చూసి, "అమ్మను కాదు తల్లీ, అత్తని" అన్నావు. ఇవాళ పిలిస్తే పలుకు. నేను పక్కనున్నా సరే, పలుకు.