అకెయో ఉద్యోగం ఎక్కడుంది

బోండో,
మంగళవారం.

అమ్మా అకెయో,

నాన్న దీవెనలు. మీ అమ్మా, నేనూ, ఆవూ దూడా అందరం కులాసా. నైరోబీలో చలి తగ్గి ఉంటుంది. ఫోనులో నాకు మాట రాదని నీకు తెలుసు, అందుకే రాసి బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. ఎండు చేపలు అమ్మ కట్టింది.

మోకాలు ఎలా ఉందని అడిగావు. వానొచ్చే ముందు చెబుతుంది, మిగతా రోజులు ఊరుకుంటుంది. జొన్న కోశారా అన్నావు. సగం మేం కోశాం, సగం పిట్టలు కోశాయి.

పొద్దున్నా సాయంత్రం నెట్‌లో ఉద్యోగాలు చూస్తున్నానని రాశావు. అది నాకు అంతుపట్టలేదు. చేపల రేవులో మనిషి కావలసినవాడు పడవ దగ్గర నిలబడి పిలుస్తాడు. నెట్‌లో ఎవరు పిలుస్తారు? సంతలో సైబర్ దుకాణానికి వెళ్లి అడిగాను. అక్కడి పిల్ల ఒక పేజీ తెరిచింది. ఒక్క ఉద్యోగానికి అప్పుడే వందలమంది దరఖాస్తు రాసేశారట.

"మరి మొదట రాసినవాడికి ఎవరు చెప్పారమ్మా?"

"అది తెలిస్తే నేనిక్కడ కూర్చుంటానా తాతా?" అంది.

శనివారం ఒబురా పెద్దాయన్ని మట్టి చేశాం. నైరోబీ నుంచి చాలామంది వచ్చారు. మన ఆనవాయితీ నీకు తెలిసిందే, చుట్టాలు ఒక్కొక్కరే మైకు పట్టుకుని పిల్లల పేర్లూ ఉద్యోగాలూ చెప్పారు. నా వంతు వచ్చింది. మీ కంపెనీ మూతపడిన సంగతి ఊళ్లో చెప్పొద్దన్నావు కదా. "మా అకెయో కంప్యూటర్ల కంపెనీలో ఉంది" అనేసి కూర్చున్నాను.

భోజనాల దగ్గర ఒబురా కోడలు అపొండి పక్కన కూర్చుంది. ఆమెదీ కంప్యూటర్ల పనే. "ఏ కంపెనీ మామయ్యా?" అంది. నేను ముద్ద నములుతూనే ఉన్నాను.

"మింగండి మామయ్యా, పేరు ఎక్కడికీ పారిపోదు."

ఉన్నది చెప్పేశాను. ఆమె నవ్వలేదు. "మా దగ్గర ఖాళీ వస్తే ముందు మాలో మేమే అడుగుతాం, తెలిసినవాళ్లున్నారా అని. దొరక్కపోతేనే నెట్‌లో పెడతాం."

"అయితే మా పిల్ల చూసేది మీరు తినగా మిగిలిందా?"

"అన్నీ కాదులెండి. కొందరు తమ కంపెనీ పేజీలోనే పెట్టి ఊరుకుంటారు, అక్కడికి వెళ్లి చూసేవాళ్లు తక్కువ. ఈ పని చేసేవాళ్లు శనివారాలు ఒకచోట కలుస్తుంటారు, అక్కడికీ వెళ్లమనండి. కాలేజీలో తనకంటే ముందు చదివినవాళ్లని అడిగిందా?"

అడిగావా అమ్మా?

నువ్వేం చేయగలవని అపొండి అడిగితే నాకు చెప్పడం రాలేదు. అప్పుడు మీ అమ్మ తన ఫోను తీసింది. చర్చి ఊడ్చే వంతు ఎవరిదో చెప్పే యాప్ నువ్వు చేసి పెట్టావే, అది తెరిచి చూపించింది. అపొండి అందులో లేని పేరు కొట్టి చూసింది, వంతులు తారుమారు చేసింది. "చెడగొడదామన్నా చెడటం లేదే" అంది.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను. "నాలాంటివాళ్లు ఈ టెంటులో ఇంకా ఉన్నారు, మైకూ ఉంది" అంది అపొండి. నేను లేచాను. మీ అమ్మ నా చొక్కా పట్టి లాగింది. "కూర్చో. పిల్ల పరువు తీస్తావా?"

మైకు దగ్గరికి వెళ్లాను. "ఇందాక అబద్ధం చెప్పాను. మా అకెయోకి ఇప్పుడు పని లేదు. ఎక్కడ వెతకాలో తెలిస్తే చెప్పండి" అన్నాను. నువ్వు దాచమన్నది ఊరంతటికీ నేనే చెప్పాను. తర్వాత వెనక నుంచి ఒకాయన, "మావాడికీ లేదు. నేనూ అబద్ధమే చెప్పాను" అన్నాడు.

అపొండి వాళ్ల దగ్గర ఒక ఖాళీ ఉందట, ఇంకా నెట్‌లో పెట్టలేదట. ఇస్తానని అనలేదు, మాట్లాడి చూస్తానంది. నంబరు ఈ కాగితం వెనక రాశాను. శుక్రవారం లోపల ఫోను చెయ్యమంది.

నీకు కోపం వస్తుంది. రావలసిందే. నన్ను శుక్రవారం తర్వాత తిట్టు.

ఇట్లు,
నీ మాట దాటిన నాన్న,
ఒందితి.