సుద్దతో సినిమా పేరు

మైపాడు, శనివారం రాత్రి

నేను పాఠాలు చెప్పే రాత్రిబడి మీద సినిమా తీస్తున్నవాళ్లు, దాని పేరు నా చేతిరాతలోనే కావాలన్నారు. నల్లబోర్డు మీద సుద్దతో ఒక్కో గీత గీసి నేను పక్కకు జరగాలి, అప్పుడు కెమెరా ఒకసారి క్లిక్కుమనాలి. తెర మీద అక్షరాలు వాటంతటవే రాసుకుంటున్నట్టు కనిపిస్తాయట. మధ్యాహ్నానికి సగం పేరు అయింది. అన్నం తిని వచ్చేసరికి బోర్డంతా ఖాళీ! శనివారం కదా అని బడి ఊడ్చే పోలమ్మ బోర్డు నల్లబడాలని దొండాకు, బొగ్గు కలిపి రుద్దేసింది.

"పోయిన వారం రుద్దలేదని మీరే గదా అయ్యోరా తిట్టినారు?" అంది.

పోయిన అక్షరాలు అచ్చం అలాగే మళ్లీ రావు, రేపు మొదటి నుంచీ రాయాలి. మిగిలిన రీలు ఒక్కసారికే సరిపోతుందట. ఇందాక నేల మీద రాసి చూసుకున్నాను. మొదటి అక్షరమే వంకరపోయింది.

బోర్డు మాత్రం ఇంత నల్లగా ఎన్నడూ లేదు.